సభ్యురాలు

పోయిన శనివారం మన తరగతి "సభ" అన్న మాట దగ్గర ఆగిపోయింది. పుస్తకంలో ఉన్నది చిన్న వాక్యం. "మా తాత సభలో సభ్యుడు." ముగ్గురు పిల్లలు వరసగా చదివారు. నాలుగో పిల్ల, పదో తరగతి, చదవలేదు. తల ఎత్తి నన్ను అడిగింది. "టీచర్, మా అవ్వ అయితే ఏమనాలి?"

సభ్యురాలు అనాలి. బోర్డు మీద రాశాను. సభ్యుడు, సభ్యురాలు, సభ్యులు. సభకు చెందినవాళ్లు అని అర్థం. అదే మాటలోంచి "సభ్యత" వచ్చింది. అంటే మర్యాద, మంచి నడవడి. "అసభ్యం" కూడా అక్కడిదే. ఇంటికి వెళ్లి మూడింటినీ వాడి చూడండి అని చెప్పాను. మూడోది మాత్రం అవ్వ ముందు వద్దు.

ఆ రాత్రి నాకు ఆ మాట మీదే ఆలోచన పోయింది. నేను ఇరవై రెండేళ్లుగా ఒక విజ్ఞానశాస్త్ర సంఘంలో సభ్యురాలిని. బడిలో భౌతికశాస్త్రం చెప్పేవాళ్లు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవాళ్లు అందులో ఉంటారు. ఈ శీర్షికలో నేను మామూలుగా మాటల గురించి, పండుగల గురించి రాస్తాను. ఆ సంఘం గురించి ఎప్పుడూ రాయలేదు. ఈ నెల రాస్తున్నాను. చివర్లో మీతో ఒక పని ఉంది, అందుకని మధ్యలో వదిలేయకండి. నా తెలుగు గుడి వెనక రేకుల గదిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే దిద్దండి, కోపం రాదు.

ముందు, శాస్త్ర సంఘం అంటే ఏమిటో చెబుతాను. పరిశోధన చేసేవాళ్లు ఒక చోట కలుస్తారు. చేసిన పని చదివి వినిపిస్తారు. దాన్ని పత్రికలో అచ్చు వేస్తారు. బహుమతులు ఇస్తారు. పైకి కనిపించేది ఇంతే. కనిపించనిది ఇంకొకటి ఉంది. టీ తాగుతూ ఒకాయన ఇంకొకాయనతో అంటాడు, "మా దగ్గర ఒక ఉద్యోగం ఖాళీ ఉంది, నీకు తెలిసిన మంచి కుర్రాడు ఉంటే పంపు." ఆ మాట హాలులో ఎవరికి వినిపిస్తుందో వాళ్లకే పని దొరుకుతుంది. పెద్ద పెద్ద సంఘాల్లో అయితే డబ్బు కట్టి చేరడం కుదరదు. ఉన్న సభ్యులే కొత్తవాళ్ల పేర్లు ప్రతిపాదించాలి. ప్రతిపాదించడం అంటే "ఈ మనిషిని తీసుకుందాం" అని ముందుగా పేరు చెప్పడం. తెలిసినవాళ్ల పేరే కదా ఎవరైనా చెప్పేది.

లండన్‌లో రాయల్ సొసైటీ అని ఉంది. 1660లో పెట్టారు. 1902లో అక్కడ ఒక స్త్రీ పేరు ప్రతిపాదించారు. ఆమె హెర్థా ఎయిర్టన్. ఆ కాలంలో వీధుల్లో ఎలక్ట్రిక్ ఆర్క్ దీపాలు ఉండేవి. అవి బుస్సుమని చప్పుడు చేసేవి, మిణుకుమనేవి. ఎందుకో ఎయిర్టన్ కనిపెట్టింది. మండే కార్బన్ కడ్డీకి గాలిలోని ఆక్సిజన్ తగులుతోంది, అదీ కారణం. ఇంజనీర్లు ఆమె పుస్తకం చదివి దీపాలు బాగుచేసుకున్నారు. రాయల్ సొసైటీ మాత్రం లాయర్లను అడిగింది. పెళ్లయిన స్త్రీని సభ్యురాలిగా తీసుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకుంటాయా అని. ఒప్పుకోవు అన్నారు లాయర్లు. చట్టం కంటికి పెళ్లయిన ఆడది విడిగా ఒక మనిషి కాదు. ఆమె చేసిన పని బాగుందా లేదా అన్న ప్రశ్న వరకూ ఎవరూ పోలేదు.

రెండేళ్ల తర్వాత, 1904లో, ఆమె అదే సొసైటీలో నిలబడి తన పరిశోధన తానే చదివింది. ఇసుక మీద నీరు వేసే అలల గీతల గురించి. మన డర్బన్ తీరంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద చూస్తారే, ఆ గీతలే. 1906లో ఆమెకు పతకం కూడా ఇచ్చారు. సభ్యత్వం ఇవ్వలేదు. పతకం ఇవ్వగలిగినవాళ్లకు కుర్చీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. రాయల్ సొసైటీ మొదటిసారి స్త్రీలను తీసుకున్నది 1945లో. ఇద్దరు, కాథ్లీన్ లాన్స్‌డేల్, మార్జరీ స్టీఫెన్‌సన్. అప్పటికి ఎయిర్టన్ చనిపోయి ఇరవై రెండేళ్లు.

ఇది చదివి "అది ఇంగ్లండ్ సంగతి, పాత సంగతి" అనుకుంటారేమో. మా ఇంట్లోదే ఒకటి చెబుతాను.

మా పెదనాన్న రసాయనశాస్త్రం చదివాడు. డర్బన్ ఓడరేవులో సాలిస్‌బరీ ఐలాండ్ అని ఒక చిన్న దీవి ఉంది. 1961లో ప్రభుత్వం అక్కడ, పాత నౌకాదళం కట్టడాల్లో, భారతీయులకు మాత్రమే ఒక యూనివర్సిటీ కాలేజీ పెట్టింది. 1959 చట్టం వచ్చాక తెల్లవాళ్ల విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే మనవాళ్లకు మంత్రి అనుమతి కావాలి. అందుకని పిల్లలు పొద్దున్నే పడవ ఎక్కి ఆ దీవికి పోయి చదువుకునేవాళ్లు. వాన రోజుల్లో పుస్తకాలు ప్లాస్టిక్ సంచీలో చుట్టుకునేవాళ్లమని పెదనాన్న చెప్పేవాడు. అక్కడ పట్టా తీసుకుని బడిలో టీచరయ్యాడు. చెరకు తోటలో గిరిమిటి కూలికి వచ్చిన తాత మనవడు కెమిస్ట్రీ టీచరయ్యాడంటే మా వీధిలో అది పెద్ద మాట.

ఒకసారి ఊళ్లో ఒక శాస్త్ర సంఘం ఉపన్యాసం పెట్టింది. ఏ సంఘమో పేరు చెప్పను. వినడానికి అనుమతి దొరికింది, వెనక వరసలో. ఆయన వెళ్లాడు, విన్నాడు, రాసుకున్నాడు. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది, ఎంత చక్కని రాతో. ఉపన్యాసం అయ్యాక అందరూ టీకి పక్క గదిలోకి పోయారు. ఆయన్ని, ఇంకో ఇద్దరు భారతీయ టీచర్లను తలుపు దగ్గరే ఆపేశారు. కాసేపటికి వంటవాడు మూడు కప్పులు బయటికి, నడవాలోకి తెచ్చి ఇచ్చాడు. "పాఠం మనది, టీ మాత్రం వాళ్లది" అని పెదనాన్న నవ్వుతూ చెప్పేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. పెద్దయ్యాక నవ్వు రాలేదు. ఆ తర్వాత ఆయన సభ్యత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. రెండు లైన్ల జవాబు వచ్చింది. ప్రస్తుతం పరిశీలించలేము అని. ఆ "ప్రస్తుతం" ఆయన రిటైరయ్యేదాకా నడిచింది.

ఇదే టీ, ఇదే తలుపు, అమెరికాలో కూడా ఉన్నాయి. 1951లో నాష్‌విల్ నగరంలో లెక్కల సంఘం ప్రాంతీయ సమావేశం జరిగింది. ఫిస్క్ అని నల్లవారి విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. అక్కడ లెక్కల విభాగానికి పెద్ద లీ లార్చ్, తెల్లవాడు. ఆయన తన ముగ్గురు నల్లజాతి సహోద్యోగులతో కలిసి వెళ్లాడు. అందులో ఒకరు ఈవ్‌లిన్ బోయ్డ్, 1949లో యేల్‌లో లెక్కల్లో డాక్టరేట్ తీసుకున్న ఆవిడ. ఉపన్యాసాలు వినడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. విందు భోజనానికి మాత్రం రానివ్వలేదు. చూశారా, మళ్లీ అదే. లెక్క కలిసి చేయొచ్చు, అన్నం కలిసి తినకూడదు.

లార్చ్, ఆయన సహోద్యోగులు ఊరుకోలేదు. దేశంలోని రెండు పెద్ద లెక్కల సంఘాలకూ ఉత్తరం రాశారు. "క్షమించండి అంటే చాలదు, నిబంధనల్లోనే రాయండి" అని అడిగారు. సంఘంలో ఏ పనీ జాతిని బట్టి జరగకూడదని రాతలో ఉండాలి అన్నారు. నాకు ఈ కథలో నచ్చేది అదే. మంచి మనసు మీద నమ్మకం పెట్టుకోలేదు, కాగితం అడిగారు. లార్చ్‌కు తర్వాత అమెరికాలో ఉద్యోగాలు నిలవలేదు, కెనడాకు పోయాడు. 2007లో, ఆయన తొంభయ్యో ఏడు దాటాక, అదే లెక్కల సంఘం పెద్ద పురస్కారం ఇచ్చింది. ఈవ్‌లిన్ బోయ్డ్ తర్వాత అంతరిక్ష నౌకల కక్ష్యలు లెక్కకట్టింది, అపోలో పనిలో కూడా.

మన దేశంలో కూడా కొన్ని సంఘాలు వెనక్కి తిరిగి చూసుకున్నాయి. 1977లో స్టీవ్ బికో పోలీసుల నిర్బంధంలో చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్ల తీరు మీద వైద్యుల సంఘం గట్టిగా నిలబడలేదని చాలామంది డాక్టర్లు బయటికి వచ్చి 1982లో వేరే సంఘం పెట్టుకున్నారు. పాత సంఘం 1995లో క్షమాపణ చెప్పింది. మరుసటి ఏడు, 1996లో, కొత్త దక్షిణాఫ్రికాకు కొత్త శాస్త్ర అకాడమీ మొదలయింది.

మనవాళ్ల సంగతి మరి? రానివ్వకపోతే మనమే పెట్టుకున్నాం. నాటాల్‌లో భారతీయ టీచర్ల సంఘం 1925 నాటిది. ఆంధ్ర మహాసభ 1931 నాటిది. మీరు ఈ పత్రిక చదువుతున్నారంటే, తెలుగు నేర్చుకుంటున్నారంటే, ఆ పెద్దలు మూసిన తలుపు ముందు కూర్చుని ఏడవకుండా ఇంకో ఇల్లు కట్టారు కాబట్టే. టొంగాట్‌లో పుట్టి పెరిగిన ఖురైషా అబ్దుల్ కరీమ్ పేరు మీరు వినే ఉంటారు. ఎయిడ్స్ రాకుండా స్త్రీలు తామే వాడుకోగల జెల్ మీద పరిశోధన చేసి, 2010లో అది పనిచేస్తుందని మొదట చూపించినవారిలో ఆవిడ ఒకరు. ప్రపంచ విజ్ఞాన అకాడమీకి 2023లో ఆవిడ అధ్యక్షురాలయింది. ఆ పదవిలో మొదటి స్త్రీ. చెరకు తోటల ఊరు నుంచి ఆ కుర్చీ దాకా. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లల ముఖాలు చూడాలి.

అధ్యక్షుడు, అధ్యక్షురాలు. ఈ మాట కూడా రాసుకోండి.

ఇప్పుడు ఎవరూ తలుపు దగ్గర నిలబడి "నువ్వు రాకూడదు" అనరు. అలా అంటే కోర్టుకు పోవచ్చు. అయినా హాలులో చూస్తే పాత ముఖాలే. మా శాఖ వార్షిక ఫొటోలు పదేళ్లవి పక్కపక్కన పెట్టి చూశాను. మారినది జుట్టు రంగు ఒక్కటే.

ఎందుకు? ఇప్పటి తలుపులకు గొళ్లెం కనిపించదు, అంతే. ఫీజు ఒక తలుపు. సమావేశం పెట్టే ఊరు ఒక తలుపు. అంతర్జాతీయ ఖగోళ సంఘం 1919లో పుట్టింది. దాని మహాసభ మన ఖండంలో మొదటిసారి జరిగింది 2024లో, కేప్‌టౌన్‌లో. నూరేళ్లు దాటింది. అంతకుముందు మన పిల్లలు వెళ్లాలంటే విమానం టికెట్టు, వీసా. కళ్లు ఒక తలుపు. వాండా డియాజ్-మెర్సెడ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ప్యూర్టో రికో ఆవిడ. చదువుకునే రోజుల్లోనే చూపు పోయింది. నక్షత్రాల లెక్కలను శబ్దంగా మార్చి చెవితో వింటుంది. కేప్‌టౌన్‌లో కూడా పనిచేసింది. చూపున్నవాళ్లు గ్రాఫులో పట్టుకోలేని మార్పులు చెవి పట్టుకోగలదని చూపించింది. ఆమె కోసం చేసిన పని అందరికీ ఉపయోగపడింది.

పేరు కూడా ఒక తలుపే. హబుల్ టెలిస్కోపు వాడుకోవడానికి ఎవరికి సమయం ఇవ్వాలో ఒక కమిటీ తేలుస్తుంది. ఏళ్ల తరబడి స్త్రీల అర్జీలు మగవాళ్ల అర్జీల కంటే కొంచెం తక్కువగా నెగ్గేవి. 2018లో అర్జీ పెట్టినవాళ్ల పేర్లు కమిటీకి కనిపించకుండా దాచారు. ఆ ఏడు స్త్రీల అర్జీలు కొంచెం ఎక్కువగా నెగ్గాయి. కమిటీలో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. పేరు చూస్తే చెయ్యి దానంతట అదే కదులుతుంది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నా చెయ్యి కూడా కదులుతుంది. అందుకే ఇప్పుడు పేరు మడిచి పెట్టి దిద్దుతాను.

సరే, గడియారం. అసలు విషయానికి వచ్చాను.

మా శాఖ సమావేశం నెలకొకసారి, బుధవారం రాత్రి ఏడింటికి, సముద్రం ఒడ్డున ఒక హోటల్లో జరుగుతుంది. కారున్నవాళ్లకు హాయి. మూడేళ్ల కిందట క్వామాషు నుంచి ఒక టీచరు రావడం మొదలుపెట్టింది. వాళ్ల బడిలో ప్రయోగశాల లేదు. పెన్సిల్ ములుకులు, ఉప్పునీళ్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పిల్లలకు విద్యుత్ విశ్లేషణ చూపిస్తుంది. నేను కూడా ఆమెను చూసి నేర్చుకున్నాను. రెండో సమావేశంలో ప్రశ్నల సమయం వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తింది. అధ్యక్షుడు చూడలేదు, ముందు వరసలో తెలిసినవాళ్లు మాట్లాడుతున్నారు. ఎనిమిది కావస్తోంది. ఆమె వాచీ చూసుకుంది, చెయ్యి దించింది, సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఆలస్యమయితే ఇంటికి పోయే టాక్సీ ఉండదు. ఆమె ఎత్తిన చెయ్యి నేను చూశాను. "ఇక్కడ ఒక ప్రశ్న ఉంది" అని నేను అనవచ్చు. అనలేదు.

తర్వాత ఫోనులో సందేశం పెట్టాను, మళ్లీ రండి అని. ఆమె రాసింది, "సమావేశం బాగుంది. మా టాక్సీ డ్రైవరుకే ఆ సంగతి తెలియదు."

రెండేళ్ల కిందట మా కమిటీలో ఒకరు ప్రతిపాదన తెచ్చారు. హోటలు మానేద్దాం, నెలలో మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి, టాక్సీ స్టాండు దగ్గర ఒక బడిలో కలుద్దాం అని. హోటలు ఖర్చు తగ్గితే ఫీజు కూడా తగ్గుతుంది. అందరూ ఆలోచిస్తున్నారు. నేను లేచి చెప్పాను. "శనివారం పొద్దున నాకు తెలుగు తరగతి. మా పెద్దల భాష. వదలలేను." ఎవరు కాదంటారు? తలలు ఊపారు. ఓటు పెట్టారు. ఎనిమిది ఏడు. ప్రతిపాదన ఓడిపోయింది. ఆ ఎనిమిదో ఓటు నాది.

అప్పుడు నాకు తప్పనిపించలేదు, గర్వంగా కూడా ఉంది. ఇంటికి వచ్చి బీరువాలో ఏదో వెతుకుతుంటే పెదనాన్న నోటుబుక్కు చేతికి తగిలింది. దాన్ని తెరవలేదు. పైన చీర పెట్టి బీరువా మూశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా.

ఈ నెలాఖరున ఆ ప్రతిపాదన మళ్లీ వస్తోంది. ఈసారి తెచ్చింది నేనే.

అది నెగ్గితే నెలలో మొదటి శనివారం మన తరగతి పొద్దున జరగదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పెట్టాలి. మిగతా శనివారాలు మారవు. ఇందులో కష్టం మీకు దాచను. మధ్యాహ్నం గుడి హాలు పెళ్లిళ్లకు ఇస్తారు. అప్పుడు మనం వెనక చిన్న గదిలో కూర్చోవాలి, నేను నేర్చుకున్న గదే, వేసవిలో రేకులు కాలతాయి. అందులో ఇరవై మంది పడతారు. మనం ఇప్పుడు ఇరవై ఆరుగురం. దుకాణాల్లో పనిచేసే తల్లులు మధ్యాహ్నం పిల్లల్ని తీసుకురాలేరు. వెరులమ్ నుంచి ఒక అవ్వగారు ముగ్గురు మనవళ్లను బస్సులో తెస్తారు. నాలుగింటికి వదిలితే ఆవిడ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఒక తలుపు తీయబోయి ఇంకో తలుపు వేస్తున్నానా అని నాకే భయంగా ఉంది. ఇంకో టీచరు ఆ ఒక్క శనివారం పొద్దున తరగతి తీసుకుంటే ఈ చిక్కే లేదు. కానీ మనకు ఉన్న టీచర్లు ఇద్దరం, రెండో ఆవిడ చిన్న పిల్లల గుంపు చూస్తుంది. మీలో పెద్దగుంపు దాటినవాళ్లు, గుణింతాలు తప్పు లేకుండా రాసేవాళ్లు, నెలకు ఒక పొద్దు ఇవ్వగలరా? తెలుగు గొప్పగా రానక్కర్లేదు. నాకూ రాదు.

ఇరవయ్యో తేదీలోపల మీ మాట చెప్పండి. తరగతి తర్వాత నాతో చెప్పవచ్చు, చీటీ రాసి హాజరు పుస్తకంలో పెట్టవచ్చు. "వద్దు" అన్న చీటీలు కూడా నేను చదువుతాను, కారణం మాత్రం రాయండి.

వెరులమ్ అవ్వగారితో ముందే మాట్లాడాను. మొత్తం విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. మనవడి చొక్కా బొత్తాలు సరిచేస్తూ అడిగారు, "ఆ టీచరమ్మ అప్పుడు చెయ్యి ఎత్తింది కదా, ఏం అడగాలనుకుందో నువ్వు కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. ఈ వారం ఫోన్ చేస్తాను.